కుర్తి నుంచి తిప్ప దాకా: గోదావరి నడిగడ్డలు, వాటి పేర్లు



నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలో గోదావరి ఒడ్డున బాదనకుర్తి అనే ఊరుంది. ఏరు దాటితే అవతల జగిత్యాల జిల్లా. చూడబోతే ఈ తీరంలోని అన్ని పల్లెల్లాంటిదే: వరి మళ్లు, పసుపు చేలు, మొక్కజొన్న, వానాకాలంలో ఏటివైపు తిరిగే చూపులు. కానీ తెలంగాణ చరిత్ర రాసినవారిలో కొందరు ఈ ఊరిని రెండున్నర వేల ఏళ్ల నాటి ఒక కథతో ముడిపెడతారు. కోసల దేశం నుంచి దక్షిణాపథానికి వచ్చిన బావరి అనే బ్రాహ్మణ తాపసి గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకున్నాడు. ఉత్తరాన బుద్ధుడు పుట్టాడని విన్నాడు. అప్పటికే పండు ముసలివాడు కాబట్టి తాను వెళ్లలేక, పదహారు మంది శిష్యులను ప్రశ్నలతో పంపాడు. బౌద్ధుల సుత్తనిపాతంలోని పారాయణ వర్గం ఈ ప్రశ్నల చుట్టూ అల్లుకున్నదే. ఆశ్రమం ఉన్నది అస్సక రాజ్యపు సీమలో అని ఆ గ్రంథం చెబుతుంది. ఆ రాజ్యానికి రాజధాని నేటి బోధన్ అని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట.

ఈ కథకు పాళీ వ్యాఖ్యాతలు రాసిన వివరణలో భూగోళం చదివేవారిని ఆపే వాక్యం ఒకటుంది. అక్కడ గోదావరి రెండుగా చీలి, నడుమ మూడు యోజనాల అంతరదీపాన్ని ఏర్పరచిందనీ, ఆ దీవి అంతా వెలగ చెట్ల అడవి అనీ. ఆ దీవి బాదనకుర్తి దగ్గరిదేనని చెప్పేవారి వాదన ఈ చీలిక మీదే నిలబడింది. వాదన పూర్తిగా తేలకపోయినా ఒక సంగతి మాత్రం స్పష్టం. గోదావరి నడుమ ఉన్న నేల మీద మనుషులు కాపురం ఉన్నారనీ, దానికి ఒక పేరు పెట్టుకున్నారనీ చెప్పే అతి పాత సాక్ష్యాల్లో ఇదొకటి. ఆ పేరు కూడా చెట్టు పేరే: కపిత్థవనం, అంటే వెలగతోపు.

చెట్టు పేరుతో దీవిని పిలిచే అలవాటు గోదావరి వెంట కిందికి, సముద్రం దాకా సాగింది. ఈ ప్రసంగం ఆ పేర్ల గురించి, ఆ నేలల గురించి.

ముందు నది సంగతి. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకుని తెలంగాణలో అడుగుపెడుతుంది. బాసర, పోచంపాడు దాటి ఖానాపూర్ సీమకు వస్తుంది. ఇక్కడ దాని అడుగున రాయి ఉంటుంది. మెత్తని చోట కోసుకుంటుంది, గట్టిచోట తప్పుకుంటుంది. అలా తప్పుకున్నప్పుడు రెండు పాయల మధ్య మిగిలిపోయే నేల పాతది, గట్టిది, ఎక్కడికీ పోనిది. వరద వస్తే చుట్టుముడుతుంది తప్ప కొట్టుకుపోదు. కృష్ణలో గద్వాల దగ్గర గుర్రంగడ్డ ఇలాంటిదే. చుట్టూ ఏరు, నడుమ ఊరు, పడవ లేనిదే బయటి ప్రపంచం లేదు. పాలమూరులో అలాంటి నేలను గడ్డ అంటారు. ఇంకాస్త పడమటికి, రాయచూరు వైపు వెళితే దత్తక్షేత్రమైన కురువపురం కూడా కృష్ణ నడుమ దీవే. అక్కడి కన్నడంలో ఏటి నడుమ నేలకు కురువ అన్న మాట ఉంది.

కందకుర్తి, బాదనకుర్తి అనే రెండు కుర్తులూ గోదావరినే ఆనుకుని ఉన్నాయి. కిందికి వెళ్లి కోనసీమలో చూస్తే పల్లంకుర్రు, బోడసకుర్రు, పుల్లేటికుర్రు ఉన్నాయి. కురువ, కుర్తి, కుర్రు ఒకే వేరు నుంచి పుట్టాయని గట్టిగా అనడం తొందరపాటు. తెలుగునాట ఏరు లేని చోట కూడా కుర్తులున్నాయి. అయినా ఈ మూడు మాటలనూ నది పటం మీద పక్కపక్కన పెట్టి చూడవలసిందే. ఊరి పేర్ల మీద పనిచేసే యువ పరిశోధకులకు ఇంతకన్నా మంచి ప్రయాణం దొరకదు.

ఖానాపూర్ దాటాక కడెం వాగు కలుస్తుంది. ధర్మపురి, మంచిర్యాల దాటి, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి పడుతుంది. ఆ తర్వాత ఇంద్రావతి, శబరి. పాపికొండల ఇరుకులోంచి బయటపడి రాజమహేంద్రవరం చేరేసరికి నది వెడల్పు కిలోమీటర్లలో ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర సముద్రం ఇంకా డెబ్బై కిలోమీటర్ల దూరాన ఉండగానే, నేల వాలు దాదాపు అయిపోతుంది. పరుగు తగ్గిన నీరు మోసుకొచ్చిన బరువును దించేస్తుంది. ముందు ఇసుక, తర్వాత సన్నని ఒండ్రు. నది తాను దించిన మట్టికే తాను అడ్డం తిరిగి చీలిపోతుంది. గౌతమి తూర్పుకు, వశిష్ఠ పడమరకు. వశిష్ఠ నుంచి గన్నవరం ప్రాంతంలో వైనతేయ విడిపోతుంది. గౌతమి యానాం వైపు, వైనతేయ ఓడలరేవు వైపు, వశిష్ఠ అంతర్వేది వైపు సాగి సముద్రంలో కలుస్తాయి. గౌతమికీ వశిష్ఠకూ సముద్రానికీ మధ్య మిగిలిన ముక్కోణపు నేలే కోనసీమ. నైలు నది ముఖద్వారాన్ని గ్రీకు అక్షరం డెల్టా పేరుతో హెరొడొటస్ పిలిచి రెండున్నర వేల ఏళ్లయింది. తెలుగువారు ఆ మాటను ఎంతగా సొంతం చేసుకున్నారంటే, తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని కాలువల కింద పొలాలను పంచుకుని మాట్లాడుకుంటారు. కాలువ కాగితాల్లో మధ్య డెల్టా అన్నది కోనసీమే.

పాయలకు ఋషుల పేర్లు రావడం మరో కథ. సప్త గోదావరి అని తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వశిష్ఠ అనే ఏడు పాయలను లెక్కిస్తారు. ఒక్కో పాయనూ ఒక్కో ఋషి సముద్రం దాకా నడిపించుకు వెళ్లాడని నమ్మకం. ఏడు సంగమాల్లోనూ మునకలేసే సప్తసాగర యాత్ర ఉంది. తుల్య కలిసే చోటు కాకినాడ పక్కన చొల్లంగి. అక్కడి అమావాస్య తీర్థం నేటికీ జనంతో నిండుతుంది. వైనతేయ ఈ ఏడింటి లెక్కలోకి రాదు, దాని పేరు గరుత్మంతుడిది. బాధ కలిగించే విషయం ఒకటుంది. ఋషుల పేర్లు మోస్తున్న పాయల్లో కొన్ని ఇప్పుడు నదులుగా లేవు. తుల్యభాగ, కౌశిక అనే పేర్లు ఇవాళ ఎక్కువగా వినిపించేది నీటిపారుదల శాఖ మురుగు కాలువల జాబితాలో.

పాయల మధ్య, పాయల లోపల, మట్టి పేరుకున్న ప్రతి నేలకూ గోదావరి జిల్లాల్లో ఒకటే మాట: లంక. రాముడి కథలో లంక వేరు, ఇక్కడి లంక వేరు. ఇక్కడ అది మామూలు నామవాచకం. చెరువు, గట్టు, తోపు అన్నంత మామూలు. చిన్న ఇసుక దిబ్బ మొదలు వేల ఎకరాల ఊరి దాకా లంకే.

లంక ఎలా పుడుతుందో చూస్తే ఆ పేర్ల అర్థం తేటపడుతుంది. ఒక ఏడాది వరద తీశాక పాయ నడుమ ఇసుక మేట కనబడుతుంది. మరుసటి వరదకు అది పోవచ్చు, మిగలవచ్చు. రెండు మూడు వరదలు ఓర్చుకుంటే దాని మీద రెల్లు మొలుస్తుంది. రెల్లు వేళ్లు ఒండ్రును పట్టి ఆపుతాయి. ఇసుక మీద ఒక పొర మట్టి, దాని మీద ఇంకో పొర. గడ్డి పెరిగాక ఒడ్డున ఉన్న ఊరివాళ్లు పశువులను ఈదించి మేతకు తోలుతారు. తర్వాత ఎవరో వేసవిలో ఇసుక గుంటల్లో పుచ్చ పాదులు పెడతారు. ఆపై పందిరి, పాక, రేవు, గుడి, బడి.

ఇప్పుడు పేర్లు వినండి. ఐ.పోలవరం మండలంలో పశువుల్లంక. ముమ్మిడివరం మండలంలో గేదెల్లంక. ఆచంట వైపు పుచ్చల్లంక, రావిలంక. పి.గన్నవరం మండలంలో బూరుగులంక. ధవళేశ్వరం బ్యారేజీ పక్కన పిచ్చుకలంక. సీతానగరం వైపు ములకల్లంక. ఈ పేర్లను వరసగా పేర్చితే లంక పెరిగి పెద్దదైన క్రమం కనబడుతుంది. కొన్ని మేత దశలో పేరు తెచ్చుకున్నాయి, కొన్ని తొలి పంట దశలో, కొన్ని మొదటి పెద్ద చెట్టు నీడ పడ్డాక. ఈ పేర్లు పెట్టిన తేదీలు ఏ శాసనంలోనూ లేవు. పెట్టినవారు రాజులు కారు, గ్రామాధికారులు కారు. పశువులు తోలుకెళ్లినవారు, పాదులు పెట్టినవారు, పడవ నడిపినవారు. తెలుగు దేశంలో పామరులు పెట్టిన పేర్లు ఇంత దట్టంగా, ఇంత చెక్కుచెదరకుండా నిలిచిన చోటు మరొకటి చూపడం కష్టం.

తర్వాతి దశ యాజమాన్యం. అద్దంకివారిలంక, బడుగువానిలంక, అప్పనరాముని లంక, రామరాజులంక. మనిషి పేరో, ఇంటిపేరో లంకకు అతుక్కుంది. అంటే నేల గట్టిపడి, దాని మీద హక్కు అడిగేవారు వచ్చారన్నమాట. ఇంకో రకం పేర్లు తల్లి ఊరి నుంచి వచ్చాయి. ఊడిమూడికి ఎదుట ఊడిమూడి లంక, సఖినేటిపల్లికి సఖినేటిపల్లి లంక, పాశర్లపూడికి పాశర్లపూడి లంక, పెదపట్నానికి పెదపట్నం లంక. తల్లి ఊరు గట్టు లోపల క్షేమంగా ఉంటుంది. పిల్ల ఊరు గట్టు బయట, ఏటికి ఎదురుగా ఉంటుంది. పేరు ఒకటే అయినా, వరద హెచ్చరిక వచ్చిన రాత్రి ఆ రెండు ఊళ్ల నిద్ర ఒకటి కాదు.

ఎదుర్లంక పేరు మరీ ముచ్చటైనది. ఎవరికి ఎదురు? గౌతమికి ఇవతల యానాం ఉంది, ఫ్రెంచివారి కాలంలో వర్తకపు రేవు. ఆ ఒడ్డున నిలబడి చూసేవాడికి ఎదురుగా ఉన్నది ఎదుర్లంక. పేరును బట్టి చూస్తే అది లంకవాళ్లు తమకు తాము పెట్టుకున్నదిగా తోచదు, అవతలి ఒడ్డు చూపు అందులో ఉంది. ఆ ఊళ్లో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకరయ్యారు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. యానాంకూ ఎదుర్లంకకూ మధ్య గౌతమి మీద కట్టిన వంతెనకు ఆయన పేరే పెట్టారు. ఎదుర్లంక ఇప్పుడు రోడ్డు మీద ఊరు. పక్కనున్న పశువుల్లంకకు ఆ అదృష్టం అంత తొందరగా పట్టలేదు. 2018 జూలై 14న అక్కడ వరద నీటిలో ఒక పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. బడికి వెళ్లి ఇళ్లకు తిరిగి వస్తున్న పిల్లలు గల్లంతయ్యారు. వంతెన కోసం వేసిన స్తంభం వంతెన రాకముందే పిల్లలను పొట్టన పెట్టుకోవడం ఆ లంకలో నేటికీ మానని గాయం.

లంక గ్రామాల్లో అందరికన్నా పేరు పొందిన మనిషి డొక్కా సీతమ్మ. 1841లో పుట్టి, లంకల గన్నవరానికి కోడలిగా వచ్చి, 1909లో కన్నుమూసే దాకా వచ్చినవారికల్లా అన్నం పెట్టిందామె. లంకల గన్నవరం అన్న పేరులోనే ఆ అన్నదానం వెనుక ఉన్న భూగోళం ఉంది. పాయలు దాటవలసిన దారిలో ఉన్న ఊరు అది. పడవ అందనివాడు, వరదకు చిక్కినవాడు, అంతర్వేది తీర్థానికి నడిచి వెళ్లేవాడు పొద్దుపోతే తలదాచుకోవడానికి ఒక ఇల్లు కావాలి. ఆ ఇల్లు ఆమెది. ఇవాళ పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. పాయ దాటలేనివారికి అన్నం పెట్టిన తల్లి పేరు, పాయ దాటే నీటికి.

ఆ అక్విడక్టుకు ముందు అక్కడ ఇంకొకటి ఉండేది. దాని కథ ఆర్థర్ కాటన్‌తో మొదలవుతుంది. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. కాటన్ ఆ చోటు ఎంచుకోవడానికి ఒక కారణం లంకలే. నది అక్కడ పాయలుగా చీలి, నడుమ లంకలు ఉన్నాయి. లంక నుంచి లంకకు నాలుగు ముక్కలుగా ఆనకట్ట కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నీటి మీద కట్టిన భాగం మొత్తం మూడున్నర కిలోమీటర్లకు పైగా. పని చేయించడంలో వీణెం వీరన్న కాటన్‌కు కుడిభుజం. ఆనకట్ట అయ్యాక వైనతేయకూ వశిష్ఠకూ మధ్య ఉన్న నేలకు నీళ్లు ఎలా పంపాలన్న సమస్య వచ్చింది. కంపెనీ కాగితాల్లో ఆ నేల పేరు నగరం దీవి, అక్కడి నగరం ఊరి పేరు మీదుగా. హేగ్ అనే ఇంజనీరు గన్నవరం దగ్గర 49 కమానులతో వైనతేయ మీద కాలువ వంతెన కట్టి ఆ దీవికి నీళ్లు పంపాడు. అప్పటిదాకా వాన మీద, వరద ఒండ్రు మీద బతికిన నేల కాలువ కింద మాగాణి అయింది.

ఇక్కడ ఖానాపూర్ శ్రోతలు తమ ఊరివైపు ఒకసారి చూడవచ్చు. కాటన్ ఆనకట్ట పూర్తయిన నలభై ఏళ్లకు, 1891-92లో, నిజాం రాజ్యంలో గోదావరి మీద సదర్మాట్ ఆనకట్ట వచ్చింది. నేటికీ ఖానాపూర్, కడెం పొలాలకు అదే ఆధారం. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2018లో సదర్మాట్‌ను వారసత్వ నిర్మాణంగా గుర్తించింది. ధవళేశ్వరానికి అదే గుర్తింపు 2022లో దక్కింది. ఒకే నది మీద పెద్దన్న కన్నా ముందు తమ్ముడికి పీట వేశారు. ఈ సంగతి ఖానాపూర్ బడుల్లో పిల్లలకు చెప్పవలసింది.

డెల్టాలో ఇంకా కిందికి, ఉప్పునీటి దగ్గరికి వెళ్లేకొద్దీ లంక అన్న మాట పలచబడుతుంది. దాని చోట్లో తిప్ప వస్తుంది. కాట్రేనికోన మండలంలో బలుసుతిప్ప, మగసానితిప్ప. తిప్ప అంటే ఇసుక ఎత్తు. లంకను నది కడుతుంది, తిప్పను నదీ సముద్రం కలిసి కడతాయి. నది ఇసుకను తెచ్చి ఇస్తే, అలలు దాన్ని తీరం వెంట పేర్చుతాయి. చుట్టూ మడ అడవి, బురద, చేపల వేట. 1996 నవంబరు 6 తుపానులో దెబ్బతిన్న ఊళ్లలో బలుసుతిప్ప ఒకటి.

కాకినాడ ఎదుట సముద్రంలో పదహారు కిలోమీటర్ల పొడవున సాగిన ఇసుక నాలుక కూడా ఇలా పుట్టిందే. గౌతమి ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరిగింది. తుపాను గాలుల నుంచి రేవును కాస్తుందన్న నమ్మకంతో తెల్లవాళ్లు దానికి హోప్ ఐలాండ్ అని పేరు పెట్టారు. హోప్ అంటే ఆశ. ఆ నమ్మకం వెనక చేదు అనుభవం ఉంది. పక్కనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే గొప్ప రేవు. 1789లో, మళ్లీ 1839లో వచ్చిన తుపానులు దాన్ని తుడిచిపెట్టాయి. గాలివానల మీద పరిశోధన చేసి సైక్లోన్ అన్న మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ రాతల్లో కోరంగి విషాదానికి చోటుంది. కోరంగి రేవు పోయింది, దాని పేరు 1978 నుంచి మడ అడవుల అభయారణ్యానికి మిగిలింది.

కృష్ణ డెల్టాలో మాట మళ్లీ మారుతుంది. అక్కడ దీవి. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి చుట్టిన నేల దివిసీమ. 1717లో మొఘల్ చక్రవర్తి ఫరూక్‌సియర్ ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన ఫర్మానాల్లో మచిలీపట్నం పక్కనున్న ఈ దివి కూడా ఉంది. నాగాయలంక పేరులో లంక ఉంది. దానికి దిగువన సముద్రపు అంచున ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ సీమలో వేలాది ప్రాణాలను ఒక్క రాత్రిలో మింగింది. దివిసీమ అన్న మాట ఆ తర్వాత తెలుగువారికి ఒక ప్రాంతం పేరుగా మాత్రమే వినబడలేదు.

దీవులకు పేర్లు పెట్టడం ఎంత దూరం పోగలదో బంగాళాఖాతం ఇంకో మూల చూపింది. 1970లో భోలా తుపాను తర్వాత, గంగ డెల్టా అంచున ఒక చిన్న దీవి కనబడింది. భారతదేశం దాన్ని న్యూ మూర్ అంది, పూర్వాశా అని కూడా. బంగ్లాదేశ్ దక్షిణ తాల్పట్టి అంది. 1981లో భారత్ అక్కడ జెండా ఎగరేసింది. ముప్పై ఏళ్లు రెండు దేశాలు దాని మీద వాదులాడుకున్నాయి. 2010 నాటికి ఆ దీవి నీళ్ల కింద మునిగిపోయిందని కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. గోదావరి లంకల్లో దేశాల తగాదా లేదు, కానీ ఊరికీ ఊరికీ, రైతుకూ సర్కారుకూ మధ్య అదే తగాదా నడుస్తూనే ఉంటుంది. ఒక గట్టున కోత పడితే ఎదుటి గట్టున మేట వేస్తుంది. కోతలో పోయిన నేలకు పట్టా ఒకరి దగ్గర ఉంటుంది, మేటలో వచ్చిన నేల మీద నాగలి ఇంకొకరిది అవుతుంది.

సర్కారు ఈ చిక్కును తనదైన పద్ధతిలో విడదీసింది. లంక భూములను ఏ, బీ, సీ అని తరగతులు చేసింది. నిలకడగా ఉండేవి ముందు తరగతుల్లో, కోతకు దగ్గరగా ఉండేవి చివర. ఇంగ్లీషువారి కాలం నుంచీ ఈ భూములు కౌలు మీద నడిచాయి. దళిత కూలీల సహకార సంఘాలకు కొన్ని చోట్ల లంకలను కౌలుకు ఇచ్చారు. లంక పొగాకు ఆ నేల నుంచి వచ్చిందే. చుట్టలకు ఆ ఆకు పేరు మోసింది. ఏటా వరద తెచ్చే కొత్త ఒండ్రు దాని బలం. ఇప్పుడు అరటి, కూరగాయలు, కొబ్బరి ఎక్కువ. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లంక సాగుదారులకు పట్టాలు ఇచ్చింది. తరాలుగా దున్నుతున్న నేలకు కాగితం అందుకున్న కుటుంబాలకు అది చిన్న విషయం కాదు.

ప్రాంతం పేరు విషయంలోనూ కోనసీమ ఈ మధ్య ఒక పెద్ద మలుపు చూసింది. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో హైహయ వంశపు మాండలికులు పాలించిన నేలకు కోనమండలం అని పేరు. ఆ కోన నేటి కోనసీమలో మిగిలింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దాని పేరు ముందు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చాలన్న నిర్ణయం మీద చెలరేగిన అల్లర్లలో మే 24న అమలాపురం మంటల్లో కాలింది. చివరకు ఆ పేరే నిలిచింది. భూమి లేని కూలీలు ఇంతమంది ఉన్న డెల్టా జిల్లాకు అంబేడ్కర్ పేరు కన్నా తగిన పేరు ఏముంటుంది?

అదే 2022 జూలైలో గోదావరి కన్నెర్ర చేసింది. జూలై 13న కడెం జలాశయానికి గేట్లు వదలగల నీటికన్నా ఎక్కువ నీరు వచ్చి పడింది. 18 గేట్ల ఆ ఆనకట్ట నిలుస్తుందా అన్న భయంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ కట్ట 1958లో, 1995లో తెగిన సంగతి ఇక్కడి పెద్దలకు గుర్తే. ఈసారి నిలిచింది. భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ పది లక్షలకు మొదటి హెచ్చరిక, పదమూడు లక్షలకు రెండోది, పదిహేడు లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో వచ్చిన 35 లక్షల క్యూసెక్కులు నేటికీ రికార్డు. మొదటి హెచ్చరికకే కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునిగి పడవలు దిగుతాయి. మూడో హెచ్చరికకు లంక ఇళ్లలో జనం అటకలెక్కుతారు, గొడ్లను గట్టు మీదికి తోలుతారు. ఖానాపూర్ వాగుల్లో పొంగిన నీరు కొద్ది రోజుల్లోనే ఊడిమూడి లంక రేవులో ఉంటుంది. కడెం గేట్ల వార్త విన్నప్పుడు కనకాయలంక పేరు కూడా మన చెవిలో పడాలి.

నీటితో పాటు మట్టి కూడా వెళ్లేది. తొలి వరదను డెల్టావాళ్లు ఎర్రనీరు అంటారు. ఆ ఎరుపు ఎగువ చేలది, ఎగువ అడవులది. లంకల ఒండ్రులో ఆదిలాబాద్, కరీంనగర్ నేలల పాలు ఎంతో ఉంది. ఇప్పుడు ఆ మట్టి తగ్గిపోతోంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడుతో మొదలుపెట్టి, ఎగువన కట్టిన ప్రతి జలాశయం ఒండ్రును తన అడుగున ఆపుకుంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగోళ పరిశోధకులు లెక్క కట్టి చూపిన దాని ప్రకారం 1970ల్లో గోదావరి మోసిన ఒండ్రుతో పోలిస్తే 1990ల్లో మోసింది సగం కూడా లేదు. అదే కాలంలో డెల్టా తీరం కొత్త నేల సంపాదించుకున్న దానికన్నా పోగొట్టుకున్నదే ఎక్కువని ఉపగ్రహ చిత్రాలు చూపాయి. ఆనకట్టలు తప్పని అనడానికి లేదు, ఖానాపూర్ రైతు తిండి వాటి మీదే ఉంది. కానీ జలాశయం లెక్కల్లో నీటికి టీఎంసీలు ఉన్నాయి, మట్టికి మాత్రం పద్దు లేదు. ఆ పద్దు రాయడం మొదలుపెట్టాలి. ఎగువ జలాశయాల్లో పూడిక ఎంత చేరింది, దాన్ని దిగువకు పంపే దారులున్నాయా అన్న ప్రశ్నలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇంజనీర్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని చూడవలసినవి.

లంక ఊళ్లలో మరో పని చేయవలసినవారు భాషను ప్రేమించేవారు. రెవెన్యూ పటంలో ఊళ్ల పేర్లు ఉంటాయి, లంక లోపలి చిన్న చిన్న ముక్కల పేర్లు ఉండవు. ఫలానా వారి మేట, ఫలానా రేవు, ఫలానా చెట్టు మూల అని రైతులు నోటితో పిలుచుకునేవి అవి. ముక్క కోతలో పోతే దాని పేరును పలికే అవసరం కూడా పోతుంది. కోనసీమ కళాశాలల్లో తెలుగు, భూగోళం చదివే విద్యార్థులు ఒక వేసవి సెలవుల్లో పడవలెక్కి, పెద్దలను అడిగి, ఆ పేర్లను పటం మీద గుర్తుపెడితే చాలు. బాదనకుర్తి చుట్టూ, గుర్రంగడ్డలోనూ ఇదే పని ఇక్కడి విద్యార్థులు చేయవచ్చు. బావరి కథలోని పాయ ఏది, ఊరివాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు, ఏ పొలానికి ఏ పేరు అని అడిగి రాసుకోవడానికి కావలసింది ఒక నోటుపుస్తకం, ఊళ్లో ఇద్దరు ముగ్గురు పెద్దల తీరిక.